నాగార్జునకొండ మ్యూజియం ఎలా చూడాలి: నల్లగొండ, పాలమూరు నుంచి వెళ్లేవాళ్లకు

సాగర్ పోయి వచ్చినవాళ్లలో చాలామంది కొండ మీద మ్యూజియాన్ని ఇరవై నిమిషాల్లో ముగిస్తారు. లాంచీ దిగి, గబగబా పైకెక్కి, పెద్ద బుద్ధుడి ముందు ఫోటో దిగి, మళ్లీ లాంచీ కోసం పరుగు. తప్పు వాళ్లది కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం వెతకాలో చెప్పేవాళ్లు లేక రాతిపలకలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒక్క పలకను చదవడం చేతనైతే మాత్రం గంటన్నర కూడా చాలదు.

ఆసియా కళ చూడాలంటే ఢిల్లీకో విదేశాలకో పోవాలనుకుంటాం. కానీ 1,700 ఏళ్ల కిందట ఆసియా ఈ కృష్ణాలోయకు నడిచొచ్చింది. శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం ఒకటి ఈ లోయలోనే దొరికింది. సింహళ భిక్షువుల కోసం ఆమె కట్టించిన చైత్యగృహం, అంటే బౌద్ధ ప్రార్థనామందిరం, గురించి అందులో ఉంది. కాశ్మీరం, గాంధారం, చీన, వంగ, యవన, దమిళ, తామ్రపర్ణి ద్వీపం అంటూ ఆ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల పేర్లూ ఉన్నాయి. తామ్రపర్ణి అంటే శ్రీలంక. మ్యూజియంలోకి అడుగుపెట్టేముందు ఈ పేర్లు గుర్తుంచుకోండి. లోపలి బొమ్మల్లో కొన్నింటికి అర్థం వీటిలోనే ఉంది.

రోజు ఎంచుకోవడం

శుక్రవారం మ్యూజియానికి సెలవు. వారాంతం కలిసొస్తుందని శుక్రవారం బయల్దేరి గేటు నుంచే వెనక్కి తిరిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. శని, ఆదివారాలు లాంచీల్లో రద్దీ. గేట్లు ఎత్తారని తెలిస్తే ఆ రెండు రోజుల్లో హిల్ కాలనీ రోడ్డే కదలదు. వీలుంటే సోమవారం నుంచి గురువారం లోపు ఒక రోజు పెట్టుకోండి.

కాలం విషయానికొస్తే ఆగస్టు చివర నుంచి ఫిబ్రవరి దాకా మేలు. శ్రీశైలం నుంచి నీళ్లొచ్చి జలాశయం నిండుగా ఉంటుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వేసవిలో మట్టం బాగా పడిపోతే లాంచీ ఒడ్డుకు ఆనుకోవడమే కష్టమవుతుంది, ప్రయాణాలు తగ్గిపోతాయి. పైగా ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండ సంగతి మనకు చెప్పక్కర్లేదు. కొండ మీద రాతి బండల మీంచి వచ్చే సెగ నెత్తిన కొట్టే ఎండ కంటే ఎక్కువ అలసట తెస్తుంది. నీళ్లు నిండుగా ఉన్నా గాలి ఎక్కువైతే లాంచీ ఆపేస్తారు. అందుకే ముందురోజు సాయంత్రం లాంచీ స్టేషన్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: రేపు లాంచీ ఉందా, మొదటిది ఎన్నింటికి, కనీసం ఎంతమంది ఉంటే తీస్తారు. మూడోది అడగడం చాలామంది మర్చిపోతారు. నలుగురే వెళ్లి, మిగతా జనం కోసం రెండు గంటలు ఎదురుచూస్తే రోజంతా దెబ్బతింటుంది.

దారి

నల్లగొండ నుంచి హాలియా మీదుగా సాగర్ సుమారు 65 కిలోమీటర్లు. పాలమూరు వాళ్లు జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా రావాలి. దూరం ఎక్కువ కాబట్టి తెల్లవారుజామునే కదలండి. బస్సులో వచ్చేవాళ్లు హిల్ కాలనీలో దిగాలి. పైలాన్ కాలనీ డ్యామ్‌కు దిగువన ఉంటుంది, అక్కడ దిగితే మళ్లీ ఆటో పట్టుకుని పైకి రావాలి.

మ్యూజియం ఉన్న దీవి ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలోకి వస్తుంది. లాంచీలు రెండు వైపుల నుంచీ ఉన్నాయి: తెలంగాణ వైపు హిల్ కాలనీ దగ్గర, అటు వైపు విజయపురి సౌత్‌లో. ఒకవైపు లేకపోతే రెండోవైపు ఉండొచ్చు కాబట్టి రెండు చోట్లా అడిగి బయల్దేరండి.

వెంట ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేదా తువ్వాలు, గ్రిప్పున్న చెప్పులు. సద్ది కట్టుకోండి. పులిహోర, జొన్నరొట్టె, పల్లీల పొడి లాంటివి మధ్యాహ్నం దాకా చెడవు, దీవి మీద దొరికేదాన్ని నమ్ముకోనక్కర్లేదు. తినడం మాత్రం మ్యూజియం బయట చెట్ల కిందే. ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు తప్పకుండా పెట్టుకోండి. పెన్నయితే సిరా రాతి మీద పడే ప్రమాదం ఉంది.

ముందు బుద్ధవనం, అదీ ఒక్క బొమ్మ కోసం

లాంచీకి వ్యవధి ఉంటే హిల్ కాలనీ దగ్గరి బుద్ధవనం లోపలికి వెళ్లండి. 2022 మేలో ప్రారంభమైన ఈ ప్రాంగణం 274 ఎకరాలు. అంతా తిరగాలని చూడకండి, కాళ్లు అక్కడే అయిపోతాయి. శ్రీలంక ఇచ్చిన, అక్కడి అవుకన ఊరి బుద్ధుడి ప్రతిరూపం దగ్గరికి నేరుగా వెళ్లండి. 27 అడుగుల విగ్రహం. దాని ముందు నిలబడి చీవరం, అంటే భిక్షువు కప్పుకునే బట్ట, ఒక్కటే చూడండి. కుడి భుజం మీద బట్ట లేదు. ఎడమ భుజం మీంచి దిగిన బట్ట ఒంటికి అతుక్కున్నట్టు ఉండి, దాని మీద సన్నటి మడత గీతలు దగ్గరదగ్గరగా సమాంతరంగా వెళ్తాయి. ఆ గీతలను నోటుబుక్కులో నాలుగు గీతల్లో గీసుకోండి. బొమ్మ వేయడం రాకపోయినా ఫర్వాలేదు, గీత ఎటు వంగిందో తెలిస్తే చాలు.

ఈ గీతల పుట్టిల్లు కృష్ణాతీరం. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుడికి తొడిగిన ఈ చీవరం తీరే సముద్రం దాటి శ్రీలంకలోని అనురాధపురానికి, ఆగ్నేయాసియాకు వెళ్లింది. వియత్నాంలోని డాంగ్ డువాంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడి ఒంటి మీదా ఇదే తీరు కనిపిస్తుంది. ఇంకో గంటలో కొండ మీద మూలరూపం చూస్తారు. పక్కనే పెట్టి పోల్చడానికి మీ చేతిలో నోటుబుక్కు ఉంటుంది.

లాంచీలో

ప్రయాణం ముప్పావు గంట నుంచి గంట. ఎక్కగానే తిరుగు లాంచీ ఎన్నింటికో సిబ్బందిని అడిగి రాసుకోండి. దీవి మీద ఉండే సమయాన్ని నిర్ణయించేది అదే. మామూలుగా దొరికేది గంట, గంటన్నర. అందులో ఎక్కిదిగడానికి అరగంట తీసేయండి. కుటుంబంతో వెళ్తే పెద్దవాళ్లను ముందు పంపి, మిగతావాళ్లు వెనక నడిస్తే పైకి చేరేసరికి అందరూ ఒకచోట ఉంటారు.

లాంచీ నడిచేది మునిగిన ఊరి మీదే. స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య 1926లో ఇక్కడ ఒక స్తంభాన్ని చూసి అధికారులకు తెలియజేయడంతో ఈ చోటు వెలుగులోకి వచ్చింది. తర్వాత పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబరులో డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని అంతకుముందే తేలడంతో పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, దొరికిన వాటిని కొండెక్కించారు. అప్పట్లో చుట్టూ నేలే. ఇప్పుడు కొండ కొన మాత్రమే దీవిగా మిగిలింది. 1966లో మ్యూజియం తెరిచారు.

లోపల: మొదట వట్టిగా ఒక చుట్టు

పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు. కౌంటర్ దగ్గరే ఫోటోల సంగతి అడిగేయండి. ఫ్లాష్, ట్రైపాడ్ వద్దంటే వద్దు.

తొలి పది నిమిషాలు ఎక్కడా ఆగకుండా అన్ని గదులూ ఒకసారి తిరగండి. ఎక్కడ పొడవాటి పలకలున్నాయో, ఎక్కడ స్తంభాలున్నాయో, కిటికీ వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసుకోండి. తర్వాత మూడు వస్తువులు ఎంచుకోండి: నిలుచున్న బుద్ధుడు, ఒక పొడవాటి కథా పలక, ఒక శాసన స్తంభం. మిగిలిన సమయమంతా ఈ మూడింటికే. ఆయుధాలు, కుండపెంకులు, నాణేలు చూస్తూ వెళ్లొచ్చు, కానీ వాటి కోసం ఈ మూడింటి సమయం తగ్గించకండి.

బుద్ధుడు

మనిషి కంటే పెద్ద విగ్రహం. ఎదురుగా కాకుండా ఎడమవైపు, అంటే బుద్ధుడి కుడిభుజం వైపు, వెళ్లి నిలబడండి. చీవరం గీతలు పక్కవెలుగులోనే తేలతాయి. ఎదురుగా చూస్తే చదునుగా కనిపించి నిరాశపడతారు. ఇప్పుడు బట్ట అడుగంచు చూడండి. చీలమండల పైన అంచు లావుపాటి మడతగా, తాడులా ఉబ్బి, వంపు తిరిగి ఎడమచేతి మణికట్టు వైపు పైకి లేస్తుంది. పైన బట్ట పల్చగా ఒంటికి అంటుకుని ఉంటే, కింద అంత బరువెందుకు? తడిబట్టలా సన్నగా చెక్కిన ఒంటికి కింద ఒక బరువు లేకపోతే బొమ్మ తేలిపోయినట్టు ఉంటుంది. ఆ మడత దాన్ని నేలకు దించుతుంది. నోటుబుక్కు తీసి అవుకన గీతల పక్కన ఈ మడతను గీయండి. రెండింటిలో ఏది ఉండిపోయిందో, ఏది మారిందో మీకే తెలుస్తుంది.

కథాపలక చదవడం

అసలు పని ఇక్కడుంది. తొందరపడొద్దు.

పొడవాటి పలక ముందు నిలబడి ముందు జంటలను వెతకండి. ఆడ, మగ పక్కపక్కన నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, ఇరుకైన నిలువు గడిలో కనిపిస్తారు. మొదటిసారి చూసేవాళ్లు బౌద్ధంలో ఈ శృంగారమేమిటని ఆశ్చర్యపోయి, కథతో వాళ్లకు సంబంధం ఉందేమోనని తికమక పడతారు. లేదు. మన రాతలో పూర్ణవిరామం చేసే పని వాళ్లు చేస్తున్నారు. ఒక జంట నుంచి ఇంకో జంట వరకు ఒక సన్నివేశం. జంటలను లెక్కపెడితే పలకలో ఎన్ని సన్నివేశాలున్నాయో తేలిపోతుంది.

రెండో పని దిక్కు. మనకు ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు. ఈ పలకలు చాలావరకు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కారణం ప్రదక్షిణ. స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగే భక్తుడు, స్తూపం వైపు ముఖం తిప్పితే తన ఎడమకు కదులుతుంటాడు. అందుకే ముందు సన్నివేశం కుడిచివర, తర్వాతిది దాని ఎడమన. మీరూ కుడిచివర నుంచి మొదలుపెట్టండి. అర్థం కుదరకపోతే తిరగేసి చూడండి, కొన్ని పలకలు ఆ క్రమాన్ని పాటించవు.

మూడోది, ఒకే గడిలో ఒకే మనిషి రెండుసార్లు కనిపిస్తే తికమక పడకండి. ముందు జరిగింది, తర్వాత జరిగింది రెండూ ఒకే చట్రంలో చెక్కారు. తలపాగా, ఆభరణాలు చూసి అతడే ఇతడని గుర్తుపట్టాలి.

కథ ఏదో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులు. చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డ స్త్రీ మాయాదేవి, అది జననం. మనిషి లేని గుర్రం, మీద గొడుగు, అది మహాభినిష్క్రమణం, సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లడం. చెట్టు, కింద ఖాళీ ఆసనం, అది జ్ఞానోదయం. చక్రం, పక్కన లేళ్లు, అది మొదటి ధర్మబోధ. స్తూపమే కనిపిస్తే పరినిర్వాణం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా గుర్తులతో చెప్పే పాత పద్ధతి ఇది. నాగార్జునకొండలో ఈ పద్ధతీ ఉంది, మనిషి రూపమూ ఉంది. ఏ పలక ఏ పద్ధతిలో ఉందో నోటుబుక్కులో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి.

జాతక కథల్లో, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల్లో, రెండు మనకు ముందే తెలిసినవి. త్రాసు, పావురం కనిపిస్తే శిబి చక్రవర్తి. ఒకే ఆసనం మీద ఇద్దరు రాజులు సమానంగా కూర్చుంటే ఇంద్రుడితో సింహాసనం పంచుకున్న మాంధాత అయ్యుండొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు పురాణంగా విన్న కథలే ఇవి. వాళ్లనే పలక ముందు నిలబెట్టి పిల్లలకు చెప్పమనండి. లేబుల్ చదివి వినిపించడం కంటే అది బాగా పనిచేస్తుంది.

శాసనం

స్తూపానికి నాలుగు దిక్కుల్లోనూ ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద ఐదేసి స్తంభాలు నిలిపేవారు. వీటిని ఆయక స్తంభాలంటారు. జననం నుంచి పరినిర్వాణం దాకా బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు అవి గుర్తులు. ఇక్కడి ప్రధాన స్తూపమైన మహాచైత్యానికి వీటిని నిలిపిన దాతల్లో ముందు చెప్పుకోవలసినది చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరం నాటి మాట అది. రాజులు యజ్ఞాలు చేస్తుంటే, ఇంటి ఆడవాళ్లు స్తూపాలు కట్టించారు.

భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఇక్ష్వాకుల కాలపు బ్రాహ్మిని గుర్తుపట్టడం తేలిక: ‘క’, ‘ర’ లాంటి అక్షరాల నిలువు గీతలు కిందికి బాగా పొడుగ్గా సాగి, చివర తోకలా వంపు తిరుగుతాయి. మొదటి పంక్తి మొదటి మాట చాలా శాసనాల్లో ‘సిధం’, అంటే సిద్ధం, శుభారంభపు మాట. అర్ధచంద్రుడి ఆకారంలో ఉన్నది ‘ధ’, పక్కన చుక్క సున్నా. ఈ ఒక్క మాట దొరికితే చాలు, తర్వాత ‘నమో భగవతో’ కోసం వెతకండి. బ్రాహ్మి అక్షరమాల ఒక పేజీ ప్రింటు తీసి తీసుకెళ్తే పిల్లలు ఆటలా పోటీపడతారు.

సమయం ఉంటే ఛాయాస్తంభాలు కూడా చూడండి. యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం, చేతిపనివాళ్ల కోసం కూడా నిలిపిన స్మారక స్తంభాలివి. మన ఊళ్లలోని వీరగల్లులకు ముందుతరం. ఆ వరసలోనే పరదేశి వేషం కోసం ఓ కన్నేసి ఉంచండి. నాగార్జునకొండ రాజప్రాసాదం దగ్గర దొరికిన శిల్పాల్లో నిలువు టోపీ, ఒంటికి కుట్టించిన చొక్కా, పైజామా లాంటి బట్ట వేసుకుని ఈటె పట్టుకున్న శక సైనికుడున్నాడు. శకులు మధ్యాసియా నుంచి వచ్చినవాళ్లు. మన శిల్పాల్లో నడుముకు చుట్టిన పంచెలే అలవాటు కాబట్టి కుట్టిన బట్ట ఎక్కడున్నా కంటికి తగులుతుంది.

ముట్టుకోకండి, ఎందుకంటే

ఇది పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ నీడ ఉన్న తెలుపు. గట్టి నల్లరాయిలా కాకుండా ఉలికి మెత్తగా లొంగుతుంది, అందుకే వేలిగోరంత ముఖంలో కూడా నవ్వు చెక్కగలిగారు. ఆ మెత్తదనమే దానికి శత్రువు. చేతి చెమట, నూనె రాతిలోకి ఇంకి నల్లబడతాయి. వందల చేతులు పడ్డ చోట ముక్కు, వేళ్ల అంచులు అరిగిపోతాయి. సున్నపురాయికి పులుపు అసలు పడదు. నిమ్మరసం, కూల్‌డ్రింక్ చుక్క పడితే రాతి పైపొర కరుగుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. కుంకుమ, పసుపు పెట్టాలన్న భక్తి కలిగినా ఇక్కడ దూరం నుంచి దండం పెట్టండి.

ఫోటో తీసేటప్పుడు ఫోన్‌ను పలకకు సమాంతరంగా, పలక మధ్యభాగం ఎత్తులో పట్టుకోండి. కింది నుంచి పైకి తీస్తే తలలు చిన్నవవుతాయి. మొత్తం పలక ఒకటి, తర్వాత ఒక్కో గడి విడిగా ఒకటి, ఆఖర్న లేబుల్ ఒకటి. లేబుల్ ఫోటో లేకపోతే ఇంటికెళ్లాక ఏది ఏదో తేలదు.

బయట కొండ మీద

మునిగిపోయే కట్టడాల్లో కొన్నిటిని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. రాతి మెట్ల స్నానఘట్టం దగ్గరికి పోండి. స్తూపాల పునాదులు దొరికితే పైనుంచి చూడండి, ఎడ్లబండి చక్రంలా ఉంటాయి. నడుమ కుండ, చుట్టూ ఆకులు, బయట పట్టా. ఆకుల్లాంటి ఇటుక గోడల మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారు. మొత్తం ఇటుకతో కట్టే ఖర్చు తప్పేది, స్తూపం పైగుమ్మటం బరువు మోసే బలమూ వచ్చేది. మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు.

తిరుగు లాంచీకి ఇరవై నిమిషాల ముందే కిందికి దిగడం మొదలుపెట్టండి.

లాంచీ లేకపోతే

గాలికో, జనం చాలకో లాంచీ ఆగిపోతే రోజు పోయినట్టు కాదు. సొంత బండి ఉంటే డ్యామ్ దాటి విజయపురి సౌత్ మీదుగా అనుపు వెళ్లండి. లోయ నుంచి తరలించిన విహారాలు, నాలుగు వైపులా మెట్లున్న ఆటస్థలం అక్కడ ఆరుబయటే ఉన్నాయి. బండి లేనివాళ్లు బుద్ధవనంలోనే మహాస్తూపం, జాతకవనం నిదానంగా చూసి, తిరుగుదారిలో నల్లగొండకు ఆనుకుని ఉన్న పానగల్లులో దిగండి. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియం, గుడి స్తంభాలు పొద్దుగూకేలోపు చూడొచ్చు. అక్కడి నల్లరాతి మీద, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరి చోళుల కాలపు ఉలిగాటు ఎంత పదునుగా, ఎంత లోతుగా నిలిచిందో గమనించి నోటుబుక్కులో రాసుకోండి. లాంచీ దొరికిన రోజు కొండ మీద సున్నపురాతి పలక ముందు ఆ పేజీ తెరవాలి.